ఎవరూ మాట్లాడని నిమిషం

“టీ చల్లారింది,” అన్నాడు ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

చల్లారిందంటే వేడి చేసి తెమ్మని. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఆ భాష ఆమెకి బాగా వంటబట్టింది. “సబ్బు అయిపోయింది” అంటే కొత్తది విప్పి పెట్టమని. “చొక్కా కనపడట్లేదు” అంటే కళ్ళెదుట వేలాడుతున్న చొక్కా తీసి చేతికివ్వమని. ఆమె కప్పు పట్టుకుని వంటింట్లోకి నడిచింది. గిన్నె పొయ్యి మీద పెట్టిందో లేదో ఫోను మోగింది.

“ఆంటీ, కొంప మునిగింది!”

హెడ్‌ఫోన్స్ పిల్ల. మల్టీమీడియా కోర్సులో ఆమె పక్క సీటు. మెడలోంచి హెడ్‌ఫోన్లు తీయగా ఎవరూ చూడలేదు కాబట్టి క్లాసంతా అలాగే పిలుస్తారు.

“మీ వడ్రంగి తాతగారు జారిపడ్డారంట. తుంటి ఎముక. ఆస్పత్రిలో ఉన్నారు.”

“అయ్యో! ఎలా ఉన్నారిప్పుడు?”

“ఆయనకేం, నర్సుల మీద జోకులేస్తున్నారంట. మీ సంగతే బాలేదు ఆంటీ. ఇవాళ మంగళవారం. శనివారం పదకొండింటికి షో!”

టీ పొంగి పొయ్యి మీద పడింది.

ఆ ప్రాజెక్టు పోతే పోయేది మార్కులు మాత్రమే కాదు. నలభై ఏడేళ్ళ వయసులో, ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య ఆఖరి బెంచీలో కూర్చుని, కెమెరా, మైకు, ఎడిటింగు నేర్చుకుంటానని ఆమె అడిగినప్పుడు ఆయన పెద్దగా నవ్వాడు. స్నేహితులకి ఫోన్లు చేసి మరీ చెప్పాడు. “మా ఆవిడ కాలేజీకి పోతోందిరా, రేపట్నించి క్యారేజీ నేనే కట్టాలేమో!” నవ్వు అయ్యాక షరతు పెట్టాడు. “సరే, సరదా తీర్చుకో. కానీ ఒక్కసారే. పాసవకపోతే ఇంకెప్పుడూ ఆ ఊసెత్తకు.” ఆమె ఒప్పుకుంది. తొమ్మిది నెలలుగా పొద్దున్నే ఐదింటికి లేచి, రెండు పూటల వంటా ఒకేసారి ముగించి, బట్టలారేసి, అత్తయ్య మందులు డబ్బాలో సర్ది, మధ్యాహ్నం బస్సెక్కి క్లాసుకి వెళ్తోంది. ఆఖరి పరీక్ష ఒక్కటే: పెద్దవాళ్ళు పగటిపూట గడిపే కేంద్రం కోసం, అక్కడి ఒక్కొక్కరి జీవితం మీద ఒక్కొక్క విద్యార్థి ఐదు నిమిషాల ఫిల్ము చేయాలి. ఆమె వాటాకి వచ్చిన వడ్రంగి తాత ఇప్పుడు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు.

కేంద్రం మేనేజరమ్మకి ఫోన్ చేసింది.

“అందరూ పంచుకోవడం అయిపోయిందమ్మా. ఇంకొక్కరే మిగిలారు.” ఫోనులో కాగితాలు తిరగేసిన చప్పుడు. “వారానికి మూడు రోజులు మీరే దింపి వెళ్తారుగా. మీ అత్తగారు.”

ఆమె గోడకి జారబడింది. అత్తయ్యా! క్లాసుకి మొదటిరోజు సంచి తగిలించుకుని బయల్దేరుతుంటే, “ఈ వయసులో పలకా బలపం పట్టుకుని ఎక్కడికే తల్లీ?” అన్న మనిషి. ఆ తర్వాత కూడా ఒక్కరోజు వదలకుండా, “చదువులమ్మ వేంచేసిందా?” అంటూ గుమ్మంలోనే ఎదురొచ్చే మనిషి. ఆ గొంతుకి మైకు పెట్టడమా?

కానీ అడగక తప్పలేదు. అడిగితే ఆశ్చర్యంగా, “నా కథా? నాకేముందే కథ?” అంటూనే అత్తయ్య ముత్యాల దండ బయటికి తీసింది.

బుధవారం ఉదయం, కేంద్రం లైబ్రరీ గది. హెడ్‌ఫోన్స్ పిల్ల ఫొటోలు తీసి వెళ్ళిపోయింది. ఆమె అత్తయ్య జాకెట్టు అంచుకి చిన్న మైకు తగిలించి, రికార్డరులో కార్డు పెట్టింది.

“నా మాటలన్నీ ఎక్కడికి పోతాయే?”

“ఇందులోకే అత్తయ్యా.” ఆమె కార్డు తీసి చూపించింది.

“గోరంత కూడా లేదు. డెబ్బై ఆరేళ్ళు ఇందులో పడతాయా?”

నలభై నిమిషాలు మాట్లాడింది అత్తయ్య. అంతా కొడుకే. వాడు బంగారం, వాడికి చిన్నప్పుడు గణితంలో నూటికి నూరు, వాడు తల్లిని కాలు కింద పెట్టనివ్వడు. ఆమె హెడ్‌ఫోన్లలో వింటూ తలాడించింది. కాలు కింద పెట్టనివ్వకుండా మంచం దగ్గరికి కంచం తెచ్చేది ఎవరో ఆ కథలో లేదు. సరే, ఐదు నిమిషాలు ఎలాగో నింపొచ్చు, పాసైతే చాలు అనుకుంది.

“ఇక చాలే, చెవి దురదపెడుతోంది,” అని అత్తయ్య వినికిడి మిషను తీసి, దాని బ్యాటరీల డబ్బాలో పెట్టుకుంది.

ఇంకో పని మిగిలింది. సౌండు మాస్టారి నియమం: సామాను సర్దే ముందు ఆ గది చప్పుడు ఒక నిమిషం రికార్డు చేయాలి. ఎవరూ మాట్లాడకూడదు, కదలకూడదు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే అంటాడాయన. మాటలు కత్తిరించి అతికించినప్పుడు మధ్య ఖాళీల్లో ఆ నిశ్శబ్దం పరచకపోతే అతుకులు బయటపడతాయట.

ఆమె వేలెత్తి, “ఒక్క నిమిషం అత్తయ్యా, ఎవరూ మాట్లాడకూడదు,” అని బటన్ నొక్కింది.

మిషను లేని అత్తయ్యకి అది వినపడలేదు. పని అయిపోయిందనుకుంది. కిటికీ వైపు తిరిగింది. మెల్లగా, తనలో తాను గొణుక్కుంటున్నట్టు మొదలుపెట్టింది.

“టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చింది నాకు. గొంతు పరీక్ష పెట్టారు. నా పేరే మొదటిది. కాగితం పట్టుకుని నిలబడితే, అన్నం ఎవరు వండుతారు అన్నారు మీ మామయ్య. అంతే. కాగితం మడిచి పొయ్యిలో పెట్టాను. అన్నం ఉడికింది.” ముత్యాల దండ వేళ్ళతో తిప్పింది. “నువ్వు ఆ సంచి తగిలించుకుని పోతుంటే చూడలేకపోయానే. పలకా బలపం అన్నాను. కుళ్ళు. నాకు దక్కనిది నీకు దక్కుతోందని. మొన్న వాడూ అన్నాడు నీతో, అన్నం ఎవరు వండుతారని, వాళ్ళ నాన్న గొంతుతోనే. నా కొడుకు అనుకున్నాను. నేను పెంచింది ఆయన్నే.”

హెడ్‌ఫోన్లలో ఆ గొంతు చెవి లోపలే మాట్లాడుతున్నంత దగ్గరగా ఉంది. ఆమె కదల్లేదు. నిమిషం దాటింది, రెండు దాటాయి, బటన్ మీద వేలు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఈ మనిషిని తన జీవితానికి కాపలా పెట్టిన జవాను అనుకుంది. ఉప్పు ఎక్కువైందన్న రోజూ, పుట్టింటికి రెండు రోజులెందుకన్న రోజూ, ఆ గుమ్మంలో నిలబడింది అత్తయ్యే. మరి ఆ గుమ్మంలోంచి అత్తయ్య కూడా బయటికే చూస్తోందని ఎలా తెలుస్తుంది? ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఇరవై మూడేళ్ళు ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ పనిచేశారు. ఒక్కసారి ఎవరైనా వెనక్కి తిరిగుంటే!

అత్తయ్య లేచి నిలబడింది. ఆమె బటన్ నొక్కింది. మూడు నిమిషాల పది సెకన్లు.

ఇప్పుడు చేతిలో ఫిల్ము ఉంది, కానీ అది తనది కాదు. మాస్టారి రెండో నియమం: వాళ్ళ మాట వాళ్ళకి వినిపించి, సంతకం తీసుకున్నాకే ఎవరికైనా చూపించాలి. రేపు చెబుతాను అనుకుంది. చెప్పడానికి నోరు రాలేదు.

గురువారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఎడిట్ చేస్తోంది. ల్యాప్‌టాప్ ఆయన పాతది. దాని నిండా ఆయన దాచుకున్న మ్యాచులే కాబట్టి, కాపీ పెట్టుకునే చోటు లేక నేరుగా కార్డు మీదే పని చేస్తోంది. అది తప్పని మాస్టారు నూరుసార్లు చెప్పాడు. ఆఫీసు నుంచి ముందే వచ్చిన ఆయన పిలిచాడు. ఆమెకి వినపడలేదు.

“ఎన్నిసార్లు పిలవాలి?” హెడ్‌ఫోన్ల వైరు పట్టి లాగాడు.

వైరు ఊడింది. ఇల్లంతా అత్తయ్య గొంతు. “...నా కొడుకు అనుకున్నాను. నేను పెంచింది ఆయన్నే.”

ఆయన ముఖం ఎర్రబడింది. “ఏంటిది? అమ్మకి తెలియకుండా రికార్డు చేశావా?”

ఆ మాట సూటిగా తగిలింది, ఎందుకంటే అందులో నిజముంది.

“చెప్పి, ఒప్పుకుంటేనే...”

“నా పరువు వీధిలో పెడతావా? శనివారానికి అది ఉండకూడదు. తీసెయ్.” వెళ్ళబోతూ ఆగాడు. “టీ పెట్టు.”

శుక్రవారం పొద్దున చూస్తే ల్యాప్‌టాప్‌లో కార్డు లేదు.

బల్ల కింద, సోఫా సందుల్లో, చెత్తబుట్టలో, వాషింగ్ మిషను జల్లెడలో వెతికింది. ఆయన చొక్కా జేబులు తిరగేసింది.

“నేను తీయలేదు,” అన్నాడాయన. “పోతే పోయిందిలే, పీడా విరగడైంది.” ఆ ముఖంలో తృప్తి చూశాక, తీసింది ఆయనేనని ఆమెకి అనుమానం మిగల్లేదు. అత్తయ్య ఆ రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. తలనొప్పి అంది. కంచం తిరిగొచ్చేసింది.

తొమ్మిది నెలలు. ఐదింటికి మోగిన అలారాలు. బస్సులో నిలబడి చదివిన నోట్సు. ఇంకెప్పుడూ ఎత్తకూడని ఊసు.

శనివారం తొమ్మిదిన్నరకి అత్తయ్యని కేంద్రానికి తీసుకొచ్చింది. మేనేజరమ్మకి క్షమాపణ చెప్పి వెళ్ళిపోదామని. వరండాలో హెడ్‌ఫోన్స్ పిల్ల ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

“కాస్త ఆగు,” అంది అత్తయ్య. సంచిలోంచి వినికిడి మిషను డబ్బా తీసి మూత తెరిచింది. గుండ్రటి బ్యాటరీల మధ్య, గోరంత నల్లటి కార్డు.

“అత్తయ్యా!”

“నిన్న పొద్దున్నే వాడు ఆ పెట్టె ముందు కూర్చుని ఎక్కడ నొక్కితే పోతుందా అని వెతుక్కుంటున్నాడు. కుక్కరు విజిలేస్తే, బట్టలారేస్తున్న నీకు చెప్పడానికి లేచాడు. పొయ్యి కట్టేయడం కూడా రాదు వాడికి. ఆ సందులో లాగేశాను.”

“మీకు... ఇందులో ఏముందో తెలుసా?”

“వైరు ఊడినప్పుడు పక్క గదిలోనే ఉన్నానే. మిషను చెవిలోనే ఉంది.” అత్తయ్య కాసేపు డబ్బా వైపే చూసింది. “చెప్పాపెట్టకుండా నా నోట్లోంచి లాగేశావని ముందు మండుకొచ్చింది. సింకులో పారేద్దామనుకున్నాను. రోజంతా గుప్పిట్లోనే పట్టుకున్నాను. గొంతు పరీక్షలో నన్నెందుకు ఎంచుకున్నారో మొన్న అది విన్నాకే తెలిసింది. బాగుంది కదే నా గొంతు?”

ఆమె తలాడించింది.

“తప్పు నాదే అత్తయ్యా. ఆ రోజే చెప్పాల్సింది. ఇప్పుడు మళ్ళీ మొత్తం వినండి. ఏది వద్దంటే అది తీసేస్తాను. అంతా వద్దన్నా సరే.”

“నువ్వు పాసవ్వద్దా?”

“మీరు వద్దంటే వద్దు.”

స్టోరు గదిలో, బకెట్ల మధ్య, ముగ్గురూ కూర్చున్నారు. అత్తయ్య ఆసాంతం విని పెన్ను అడిగింది. కాగితం మీద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది, నెమ్మదిగా, ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దుతూ. “నూటికి నూరు తీసెయ్,” అంది. “వాడి మార్కులు ఎవడిక్కావాలి?”

హెడ్‌ఫోన్స్ పిల్ల కిసుక్కున నవ్వింది. పదీ యాభై ఎనిమిదికి ఫిల్ము తయారైంది.

పదకొండింటికి ముందుగది నిండిపోయింది. ఆఖరి వరుసలో ఆయన. అమ్మని తీసుకెళ్ళడానికి వచ్చి, కార్డు పోయింది కదా, చూపించడానికి ఏమీ ఉండదన్న ధీమాతో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆమె వంతు వచ్చింది. తెర మీద ముడతల అరచేతిలో వినికిడి మిషను ఫొటో. గదిలో ఆ గొంతు. అన్నం ఎవరు వండుతారు అన్నారు. అన్నం ఉడికింది. ఆయన కాలు కిందికి దిగింది. ముందు వరుసలో ఎవరో ముక్కు చీదారు. చీకటి తెర మీద చివర్లో యాభై సెకన్లు ఆమె ఏ మాటా పెట్టలేదు. ఆ గది నిశ్శబ్దం మాత్రమే వదిలింది.

లైట్లు వెలిగాక సౌండు మాస్టారు ఏదో రాసుకుని, ఆమె వైపు చూసి ఒక్కసారి తలాడించాడు. మేనేజరమ్మ చప్పట్లు మొదలుపెట్టింది. మూడో వరుసలోంచి చేతికర్ర ఊతంగా ఒకావిడ లేచింది. “ఇదిగో అమ్మాయ్, నాకూ ఓ కాగితం కథ ఉంది. ఇప్పుడే చెప్తా, రేపటికి మర్చిపోతాను.”

లైబ్రరీ గదిలో ఆమె మైకు తగిలిస్తుండగా ఆయన గుమ్మంలోకి వచ్చాడు. ఏం మాట్లాడాలో తెలియని ముఖం. అలవాటైన మాటే నోటికొచ్చింది. “పన్నెండవుతోంది. ఇంట్లో అన్నం...”

ఆగిపోయాడు. ఆ మాట ఎక్కడ విన్నాడో ఆయనకీ గుర్తొచ్చింది. పక్క కుర్చీలో అత్తయ్య చెవిలోంచి మిషను తీసి, తాపీగా డబ్బాలో పెట్టుకుంది.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఈసారి గది చప్పుడు ముందే తీసుకోవాలని నిర్ణయించుకుంది. వేలెత్తి, ఆయన కళ్ళలోకి చూసింది.

“ఒక్క నిమిషం. ఎవరూ మాట్లాడకూడదు.”

ఆయన నోరు మూసుకుని, గుమ్మం పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ఆమె బటన్ నొక్కింది.