పడకముందు నాన్న

స్నానాల గదిలో జారిపడి తలకు దెబ్బ తగిలిన నాన్న ఆసుపత్రి మంచం మీద కళ్లు మూసుకుని ఉన్నాడు.

"పడకముందు ఎలా ఉండేవారు? దాన్నిబట్టే ఎంతవరకు కోలుకుంటారో అంచనా," అన్నాడు డాక్టరు.

"పులి, సార్!" అన్నాడు అన్నయ్య.

"మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కేవారు," అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. పాత మోటార్లు కొని అమ్మడమే నా వ్యాపారం. రంగేసి చూపించే సరుకు నాకు తెలియనిదా?

"ఏడాదిగా గోడ పట్టుకునే నడుస్తున్నాడండీ. నా పేరే గుర్తురాక తడుముకునేవాడు."

"నోర్ముయ్‌రా! వైద్యం ఆపేస్తారు," అని గిల్లాడు అన్నయ్య.

"ఆపం. కానీ మళ్లీ గోడ పట్టుకుని నడిస్తే అదే గొప్ప. అదీ ఖాయం కాదు," అన్నాడు డాక్టరు.

"పులట! పెళ్లయిన దగ్గర్నుంచీ నేనే చూళ్లేదు," అంది అమ్మ. "ఆ గోడ పట్టుకునే మనిషిని ఇప్పించండి, బాబూ. చాలు."