బెంగపెట్టుకున్న పొలం

పొద్దున్నే వీధివాళ్ళ బట్టల ఇస్త్రీ మొదలెట్టేలోపు పొలానికి వెళ్ళి టమాటా మడులకు నీళ్ళు పెట్టి రావడం ఆవిడకి ఇరవై ఏళ్ళ అలవాటు. తొమ్మిది రోజులుగా అది తప్పింది. ఆవిడ మొగుడు, వ్యాను డ్రైవరు, పనికి పోతూ బయట తాళం వేస్తున్నాడు.

"సంతకం పెట్టు, తాళం తీస్తా" అనేవాడు.

పొలం ఇద్దరి పేరా ఉంది. లారీ కొనడానికి దాన్ని తాకట్టు పెట్టాలంటే భార్య ఒప్పుకోలు కావాలన్నారు బ్యాంకువాళ్ళు. ఇదివరకు ఇలాగే మొగుడు ఉత్త కాగితమేనంటే చదవకుండా సంతకం పెట్టింది. మెరక చేను అమ్ముడుపోయింది. ఈసారి చదివింది.

అత్తగారు కిటికీ దగ్గర కాపలా. "సంతకమేగా, కిడ్నీ అడిగాడా?"

"కిడ్నీలైతే రెండున్నాయి అత్తయ్యా. పొలం ఒక్కటే మిగిలింది."

నాలుగోరోజున పొలం కదిలింది. తవ్విన మనిషి కనబడకపోతే పొలాలకి బెంగ, అన్నారు వీధిలో. రోజుకో ఇల్లు దాటుకుంటూ వస్తోంది. పోస్టుమ్యాను సైకిలు భుజానికెత్తుకుని మొక్కల మధ్యనుంచి దాటాడు. పక్కింటావిడ బట్టల తాడు కాస్త పైకి కట్టుకుంది.

పదోరోజు మధ్యాహ్నం డ్రైవరు బ్యాంకు ఆఫీసర్ని వెంటబెట్టుకొచ్చాడు.

"పొద్దున కొలవడానికి వెళ్ళానండీ" అన్నాడు ఆఫీసరు. "హద్దురాళ్ళు నాలుగూ ఉన్నాయి. మధ్యలో పొలం లేదు."

"ఎక్కడికి పోతుంది లెండి, ముందు సంతకం కానివ్వండి."

ఆఫీసరు ఆవిడవైపు తిరిగాడు. "ఎవరి బలవంతమూ లేకుండా, మీ ఇష్టంతోనేనా అమ్మా?"

"ఇష్టమే సార్" అన్నాడు డ్రైవరు.

"మిమ్మల్ని కాదండీ."

ఆవిడ ఇస్త్రీ చేస్తున్న చొక్కా కాలరు మీదనుంచి పెట్టె ఎత్తింది. "నాకిష్టం లేదు. పది రోజులుగా తాళం వేసి ఉంచారు."

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "ఇంటి గొడవలు మాకెందుకు. మీలో మీరు తేల్చుకోండి. సోమవారందాకా ఆగుతాను."

సోమవారందాకా అంటే ఇంకో ఐదు రోజులు. ఆవిడ మళ్ళీ కాలరు రుద్దడం మొదలెట్టింది. ఆఫీసరు వెళ్ళబోయి తలుపు నెట్టాడు. బయటికి తెరుచుకునే తలుపు, కదల్లేదు. డ్రైవరు భుజంతో కుమ్మాడు. గడప కిందనుంచి తడిమట్టి లోపలికి వచ్చింది. కిటికీ నిండా టమాటా ఆకులు.

"వచ్చేసిందిరా" అంది అత్తగారు.

డ్రైవరు ఇంకో రెండుసార్లు కుమ్మి, భుజం పట్టుకుని నేలమీద కూలబడ్డాడు. ఆఫీసరు మళ్ళీ కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచాడు. స్థిరాస్తి అన్నచోట అడ్డంగా గీత కొట్టి, 'స్థిరంగా లేదు, తాకట్టుకు పనికిరాదు' అని రాసి ముద్ర వేశాడు. లారీ అక్కడితో సరి.

"మరి నేను బయటికెలా పోవాలండీ?" అన్నాడు తర్వాత.

డ్రైవరు గడప దగ్గరి మట్టిని చేత్తో వెనక్కి నెట్టి చూశాడు. చివరికి పెళ్ళాం మొహంకేసి చూసి, మెల్లగా, "కాస్త జరగమని చెప్పవూ" అన్నాడు.

ఆవిడ బట్టల గుట్టలోంచి ఇంకో చొక్కా తీసి బల్లమీద పరిచింది.

"అడిగి చూస్తా" అంది. "దానికీ ఇష్టమవ్వాలిగా."