అంచు ముక్క

ఫోటో నేర్పమని వచ్చినవాళ్లను సరళ మొదటి రోజు ఫోన్ ముట్టుకోనివ్వదు. కారేపల్లిలో ఆమె స్టూడియో పైన రేకుల గది ఉంది. ప్రతి బుధవారం ఏడుగురు ఆడవాళ్లు అక్కడ చాప మీద కూర్చుంటారు. ఒకరు విస్తళ్లు కుడతారు, ఒకరు అడవి తేనె అమ్ముతారు, తండా నుంచి వచ్చే హేమ్లి అద్దాల సంచులు కుడుతుంది. ఫోటో బాగుంటేనే సరుకు దూరం పోతుందని అందరికీ అర్థమైంది. అర్థం కానిదల్లా సరళ కోపమే.

"నడుమ ఏమున్నదో అందరు చూస్తరు. మీరు నొక్కేముందు నాలుగు మూలలు చూడాలె. అక్కరలేనిది ఉంటే కోసెయ్యాలె," అంటుంది.

సంచి పక్కన కోడి తోక, తేనె సీసా వెనక ఆరేసిన లుంగీ పడితే అందరికీ చూపించి నవ్విస్తుంది. తీసినవాళ్ల నీడ ఫోటోలో పడితే మాత్రం నవ్వదు. ఆ ఒక్క తప్పుకు ఆమె గొంతే మారిపోతుంది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ తప్పు ఆమె భర్త చందర్‌ది. అతని తండ్రి ఇల్లందు బొగ్గు బాయిలో పనిచేసినవాడు. కొడుకు కెమెరా కొన్నాడని తెలిసి, నేను పొద్దు మొహం చూడకుండ బతికిన, నువ్వు ఎండను అమ్ముకొని బతుకుతవా అని వెక్కిరించాడట. నిజంగానే చందర్ పెళ్లి ఫోటోలు తీస్తూ ఎండను అమ్ముకునే బతికాడు. పొద్దు వీపు వెనక ఉండాలని ఫోటో నేర్పిన గురువు చెప్పిన ఒక్క మాటను చివరిదాకా పట్టుకు వేలాడాడు. సాయంత్రం పెళ్లిళ్లలో అతని నీడ పొడుగ్గా సాగి, పిలవని చుట్టంలా పెళ్లికూతురి కాళ్ల దగ్గరికి వచ్చేది. పైగా వెనక ఎండకు కెమెరా తెర కనబడక "కొంగు పట్టు" అని సరళను కేకేసేవాడు. ఆమె విసుక్కుంటూ పోయి, కొంగు చాపి తెరకు ఎండ తగలకుండా నిలబడేది.

పెళ్లయిన ఏడాదికి ఆమె కంప్యూటర్ నేర్చుకుంది. ఇక ఆ నీడల పని పట్టింది. ప్రతి ఫోటోకీ కింది భాగం కోసేది, కోసినదాన్ని పాతదాని మీదే సేవ్ చేసేది. రెండు రెండు ఉంచితే జాగా దండగ అనుకునేది. అట్లా పద్నాలుగేళ్లు కోసింది.

మూడు వానాకాలాల కిందట జ్వరంతో చందర్ పోయాడు. దండ వేయడానికి ఫోటో వెతికితే, ఏదో దరఖాస్తు కోసం తీయించుకున్న చిన్న ఫోటో ఒక్కటే దొరికింది. అందులో అతను దొంగతనం ఒప్పుకోవడానికి వచ్చినవాడిలా ఉంటాడు. సరళకు కావలసింది ఆ మనిషి కాదు. కుడి మోచెయ్యి పక్కకు పొడుచుకొచ్చేలా, ఒక కాలి మీద బరువు వేసి నిలబడే మనిషి కావాలి. ఆ మనిషి వేల ఫోటోల అడుగున నీడై ఉండేవాడు, తనే కోసేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని తెలుసు. అయినా పొద్దున్నే స్టూడియో తెరిచి, ఒక్కటైనా మిగిలిందేమోనని పాత డిస్కులు తిరగేస్తూనే ఉంటుంది.

ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒకటి ఫోన్‌లో తీసి, దాని అంచులు శుభ్రం చేసుకు రమ్మని ఒక బుధవారం అందరికీ పని అప్పజెప్పింది. మరుసటి వారం హేమ్లి తన పెళ్లి ఫోటోను ఫోన్‌లో తెచ్చింది. ఇంటి ముందు మంచం, మంచం మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు. అంచుల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఫోన్‌లో కోస్తే తృప్తి లేక గోడ మీది అసలు ఫోటోనే కత్తెరతో కోసి, చిన్న ఫ్రేములో బిగించానని హేమ్లి గర్వంగా చెప్పింది.

సరళ మెచ్చుకోబోయి ఆగింది. ఆ పెళ్లికి ఫోటోలు తీసింది చందరే, తనూ వెంట వెళ్లింది. అప్పటికి తన చేతిలో కంప్యూటర్ లేదు. చందర్ ఖమ్మం పోయి, తీసింది తీసినట్టే ప్రింటు వేయించుకొచ్చాడు.

"కింద ఏముండె?"

"నేల ఉండె. నల్లగ నీడ పడ్డది. నువ్వు చెప్పినట్టే కోసేసిన అక్కా."

"కోసిన ముక్క ఏది?"

ఫోన్‌లోనూ కోసినదే మిగిలింది. ముక్క ఏమైందో హేమ్లికి గుర్తు లేదు. పొయ్యిలోకి పోయిందేమో అంది.

క్లాసు అక్కడితో ఆగిపోయింది. ఇద్దరూ ఆటోలో తండాకు బయలుదేరారు. మొక్కులంటే నమ్మకం లేని సరళ దారి పొడుగునా మొక్కుకుంటూనే ఉంది. హేమ్లిని కోప్పడదామంటే నోరు రాలేదు. ఆ కత్తెర ఆమె చేతికిచ్చింది తనే.

పొయ్యి కాడ, కుట్టు బుట్టలో, చెత్తకుప్పలో వెతికారు. లేదు. సరళ గోడ మీది ఫ్రేము తీసుకుని, ఫోటో కోసిన చోట వేలు పెట్టి చూస్తూ కూర్చుండిపోయింది. అది చూసి హేమ్లికి గుర్తొచ్చింది. ఫ్రేములో ఫోటో కదులుతుంటే బిగువు కోసం వెనక ఏదో మడిచి పెట్టింది.

కత్తెర మొనతో మేకులు పీకి, అట్ట తీశారు. మడత పెట్టిన ముక్క కింద పడింది.

సరళ దాన్ని విప్పింది. ఎర్ర నేల. నేల మీద చందర్. మోచెయ్యి అట్లాగే పక్కకు పొడుచుకొచ్చి ఉంది, బరువంతా ఒక కాలి మీదే ఉంది. మడత గీత అతని నడుము మీదుగా పోయింది. అతనికి ఆనుకుని ఇంకో నీడ ఉంది, ఎత్తిన చేతులతో, చాపిన కొంగుతో. అది తనేనని పోల్చుకోవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

"ఆయన్నే కోసిన అనుకున్న హేమ్లీ," అంది చివరికి. "ఇన్నేండ్లు ఇద్దరిని కోసిన."

కళ్లు తుడుచుకుని, మళ్లీ పోతుందేమోనన్న భయంతో ముక్కను వాకిట్లో పరిచి ఫోన్ తీసింది. వాలిన పొద్దు వీపు వెనక ఉంది. ఎండకు తెర మీద ఏమీ కనబడలేదు.

"కొంగు పట్టు," అని తెలియకుండానే అనేసింది.

హేమ్లి తననే అన్నదనుకుంది. పక్కకు వచ్చి, కొంగు చాపి పట్టింది. వాళ్లిద్దరి నీడలూ ముక్క పక్కనే నేల మీద పడ్డాయి. హేమ్లి అది చూసి, తప్పు జరిగిందని పక్కకు తప్పుకోబోయింది.

"జరగకు," అంది సరళ, నాలుగు మూలలు చూడకుండానే నొక్కింది.