తొట్టిలోకి దించే దీపం

నేను ఒక ఇనుప దీపాన్ని. ఫ్రాన్సులో, బోర్డో దగ్గర ఓర్బెల్ అనే పాత ద్రాక్షతోటలో నా ఉద్యోగం. పక్క ఊరి కమ్మరి నన్ను చేసి, ఆరు గజాల గొలుసు తగిలించాడు. మూడు తరాల యజమానులు ఆ గొలుసు పట్టుకున్నారు.

ద్రాక్ష పులిసి ఎర్ర వైన్ అయ్యాక దాన్ని తొట్టి అడుగునుంచి పీపాల్లోకి తీస్తారు. మిగిలిన తొక్కల్ని పారతో ఎత్తడానికి ఒకడు లోపలికి దిగాలి. పులిసేటప్పుడు పుట్టే విషగాలి అడుగున నిలిచి ఉంటే రెండు ఊపిరుల్లో ప్రాణం పోతుంది. ఆ గాలిలో మంట కూడా ఆరిపోతుంది, అందుకే ముందు నన్ను వెలిగించి దించుతారు. గొలుసు పట్టినవాడు "వెలుగుతోంది" అంటేనే రెండోవాడు దిగుతాడు. తను తొంగి చూడడు. చూస్తే పైవాణ్ణి నమ్మనట్టు. మనుషులకి ఊపిరి కంటే మర్యాద ముఖ్యం.

1921లో తోట అన్నదమ్ములది. తన సగం పారిస్ కంపెనీకి అమ్మేస్తానని తమ్ముడు బాస్టియాన్ ఒక పొద్దున చెప్పాడు. అన్న ఆన్సెల్మ్ పీపా సుత్తితో మూతిమీద కొట్టాడు. రెండు పళ్ళు ఊడాయి. కూలీలు విడదీశారు. గంటలో ఇద్దరూ పనిలోకి వచ్చారు.

"మెల్లగా దించు అన్నా, అది నా మూతి కాదు," అన్నాడు బాస్టియాన్, బూట్లు విప్పుతూ.

సగం దూరంలోనే ఆరిపోయాను. ఆన్సెల్మ్ చూశాడు.

"వెలుగుతోంది," అన్నాడు. పైకి లాగి, ఆరిన నన్నే అప్పుడు ఆర్పుతున్నట్టు అందరిముందూ ఊదాడు.

బాస్టియాన్ దిగాడు. పార ఒకసారి ఎత్తాడు. తర్వాత మొహం తొక్కల్లో పడింది. కాళ్ళు కొట్టుకున్నాయి.

"బాబాయ్!" ఆన్సెల్మ్ కూతురు సొలాంజ్ తొట్టిలోకి కాలు పెట్టింది.

"దిగకే! దీపం ముందే ఆరిపోయింది!" అని అరిచాడు ఆన్సెల్మ్.

సొలాంజ్ ఆగింది.

"ముందే అంటే?" అంది ద్రాక్ష కోసే ముసలి అడ్రియెన్.

కూలీలు ఆన్సెల్మ్‌ని పారలతో కొట్టారు. దవడ విరిగింది, చెయ్యి విరిగింది. ఎవరో నా గొలుసు అతని మెడకి చుట్టి లాగారు. పోలీసులు వచ్చి విప్పారు.

కోర్టులో ఆన్సెల్మ్ లాయరు నన్ను బల్లమీద వెలిగించాడు. "ఎంత బాగా వెలుగుతోందో చూడండి," అన్నాడు. కొట్టిన కూలీల సాక్ష్యం చెల్లదన్నాడు. మిగిలింది సొలాంజ్ ఒక్కతే.

"నాన్న అరవకపోతే నేను చచ్చిపోయేదాన్ని," అంది. ఏమని అరిచాడో జడ్జి అడిగాడు. ఆమె తండ్రి వైపు చూసింది. ఆ మాటలు ఉన్నదున్నట్టు చెప్పింది.

జనవరిలో ఆన్సెల్మ్ తల తీశారు. నన్ను కోర్టు బీరువాలో పెట్టారు. ఆ తొట్టి వైన్ అంతా సొలాంజ్ మురిక్కాలవలో పోయించిందని ఒక గుమాస్తా ఇంకో గుమాస్తాతో చెప్పాడు.

"పదకొండు పీపాలు! అయ్యో పాపం," అన్నాడు రెండోవాడు.

రెండు చావుల తర్వాత ఆ భవనంలో నేను విన్న మొదటి జాలి మాట అదే.