రెండో ఆధారం

ఆదాము సబ్బునీళ్ల గుడ్డతో డోరిస్ పాదాలు తుడిచి, వేళ్ల సందుల్లో తడి లేకుండా ఒత్తాడు. న్యూజీలాండ్‌లోని పాపకూర అనే ఊళ్లో, ఆ వృద్ధుల రెస్ట్‌హోమ్‌లో పదేళ్లుగా అతని ఉదయాలు ఇవే. భారీ మనిషి, అరిగిన మోకాళ్లు. వంగినప్పుడల్లా చిన్నగా మూలుగుతాడు.

ఇతనికో పిచ్చి ఉంది. నూట ముప్పై ఏళ్ల కిందట అమెరికాలో కూలి తీసుకుని బేస్‌బాల్ ఆడినవాళ్లలో కొందరికి ఇంటిపేరు తప్ప ఆనవాలు లేదు. ఒక్కరోజు ఆడి మాయమైపోయారు. వాళ్లెవరో పాత పత్రికల్లో వెతికే బృందంలో ఆదాము ఒకడు. అది కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా అని భార్య షీనా దెప్పుతుంది. ఆమె ఆ హోమ్‌లోనే నర్సు.

డోరిస్‌కు తొంభై దాటాయి. చెవి మిషను లేందే వినపడదు. తాత కోల్మన్ తాను అమెరికాలో ఒక బేస్‌బాల్ ఆట ఆడానని చెప్పేవాడట. ఇంటిల్లిపాదీ ఆయన్ను కోతలరాయుడన్నారు. పదేళ్ల డోరిస్ కూడా భోజనాల బల్ల దగ్గర ఆయన ముఖం మీదే నవ్వింది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ నవ్వు ఆమె మనసును ఇప్పటికీ తొలిచేస్తోంది. నిజమేనా, తేలిందా అని రోజూ అడుగుతుంది.

ఈస్టర్ నాటికే ఆదాముకు సగం తేలింది. బ్యాటు పట్టినవాడి వెనక నిలబడి బంతి పట్టే కోల్మన్ అనే క్యాచర్‌కు బంతి తగిలి చిటికెన వేలు విరిగిందని ఒహాయో పత్రిక రాసింది. తాత చిటికెన వేలు వంకరని డోరిస్ ఎన్నోసార్లు చెప్పింది. అయినా రెండో ఆధారం దొరికేదాకా కుటుంబానికి చెప్పకూడదని బృందం నియమం. గతంలో ఎవరో తొందరపడి ఒకరి తాతను ఇంకొకరికి అంటగట్టారట. ఏం నియమమో ఏమో!

“చెప్పెయ్యండి. పెద్ద ప్రాణం,” అంది షీనా ఆ ఉదయం కూడా.

“ఇంకొక్కటి రానీవే. కాదని తేలితే ఆవిడ మొహం ఎలా చూడను?”

మధ్యాహ్నం ఎంగిలి పళ్లేలు సర్దుతుండగా ఫోనులో మెసేజీ మోగింది. బృందంలోని అమెరికా ఆయన పాత పత్రిక ముక్క పంపాడు. అందులో ఇలా ఉంది: వేలు విరిగిన మన కోల్మన్ ఓడెక్కి న్యూజీలాండ్ వెళ్లాడు. ఆదాము పళ్లేల బండి అక్కడే వదిలేసి మోకాళ్ల నొప్పి కూడా మరిచి నడిచాడు.

షీనా డోరిస్ గది కిటికీ తెరుస్తోంది. ఇక్కడ ఎవరైనా పోతే కిటికీ తెరుస్తారు.

“భోంచేసి పడుకుందండీ. నిద్రలోనే...”

ఆదాము మంచం అంచున కూలబడ్డాడు. నియమం తప్పితే కొంపేం మునిగేది కాదు. పొద్దున ఆ కాళ్లు తుడుస్తూ ఒక్క మాట అనుంటే సరిపోయేది. వంగి, ఆమె చెవి దగ్గర, మీ తాత అబద్ధం చెప్పలేదని ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. మళ్లీ ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

పక్కబల్ల మీద, పడుకోబోయే ముందు ఆమె తీసిపెట్టిన చెవి మిషను సన్నగా ఈల వేస్తోంది.