మూడు రంగుల మామయ్య

మా ఆయనకి తలెత్తి పైకి చూసే అలవాటు లేదు. టీవీ డబ్బా విప్పి అందులో తల దూర్చాడంటే నెత్తిన పిడుగు పడ్డా ఎత్తడు. ఈ గొడవంతా ఆ ఒక్క గుణం వల్లే వచ్చింది.

ప్రత్తిపాడు సెంటర్లో రేడియోలు, టీవీలు బాగుచేసే హయాత్ అంటే మా ఆయనే. ఎనభై ఏడులో ఒకరోజు మద్రాసు నుంచి వచ్చిన లారీలోంచి ట్రంకు పెట్టెంత డబ్బా ఒకటి దింపించాడు. దానికి ముందు వైపు మూడు కళ్లు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది, ఒకటి నీలం. వీడియో ప్రొజెక్టరట. అక్కడెవరో హోటలు వాళ్లు వదిలించుకుంటుంటే ఈయన తగిలించుకున్నాడు. క్యాసెట్టు పెడితే గోడంత బొమ్మ పడుతుందట, ఊళ్లో వీడియో హాలు పెడతాడట. హాలుకి పేరు కూడా ఖాయం చేసుకున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. హాలెక్కడుందయ్యా అని అడిగితే మా అత్తమ్మ మిరపకాయల గొడౌను వైపు వేలు చూపించాడు.

మా అత్తమ్మ రహిమున్నీసా సంగతి చెప్పాలి. మామయ్య బాజీ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి మిర్చి వ్యాపారం ఆవిడే చూసుకుంటోంది. ఆ గొడౌను తలుపు తీస్తే వీధి వీధంతా తుమ్ముతుంది. ఆవిడ మాత్రం బస్తాల మధ్య చాప పరుచుకుని హాయిగా నిద్రపోతుంది. ఘాటుకి ఆవిడ కంట నీటి బొట్టు రావడం నేనెన్నడూ చూడలేదు. మామయ్య పోయిన రోజు కూడా చూడలేదు. రాతి గుండె అని ఊళ్లో చెప్పుకున్నారు.

కొడుకు గొడౌను అడిగేసరికి ఆవిడ ఒక్కటే మాట అంది.

"కొత్త కాయ వచ్చేలోపు నాకు చూపించరా. నచ్చితే గొడౌను నీది. నచ్చకపోతే ఆ డబ్బా అమ్మేసి, గుంటూరు పోయి మీ మేనమామ కొట్లో గుమాస్తాగా కూర్చో."

ఆ కొట్టు పేరు చెబితేనే మా ఆయనకి జ్వరం వస్తుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా బస్తాలు, లెక్కలు. స్క్రూడ్రైవర్ పట్టుకోకపోతే ఆ మనిషి బతకడు. ఎంత తిట్టినా నా మొగుడు, బతకాలి కదా.

పాత బస్తాలు అమ్ముడుపోయి ఖాళీ అయిన గొడౌను కడిగింది నేను. నీళ్లు కొట్టి కొట్టి నా నడుం పడిపోయింది. గోడలకి సున్నం వేయించాం. ముందు డబ్బాని బల్ల మీద పెట్టి చూశారు. ముందు కూర్చున్న వాళ్ల తలకాయలన్నీ గోడ మీద కనిపించాయి. ఎవరైనా లేస్తే హీరో మొహం మీద వాడి నీడే. లాభం లేదు, దూలానికి వేలాడదీయాల్సిందేనని మా ఆయన తేల్చాడు. వడ్రంగి యేసుపాదం వచ్చి ఇనప పట్టీలు బిగించాడు. ఆ బరువు ఎత్తడానికి నలుగురు మనుషులు పట్టారు. నిచ్చెన మీద ఉన్నంతసేపూ యేసుపాదం తుమ్ముతూనే ఉన్నాడు. సున్నం వాసన పడలేదేమోలే అన్నాడు మా ఆయన, తలెత్తకుండా.

తర్వాత తెర. చీరాల నుంచి తెల్లటి నేత గుడ్డ తెప్పించాం. వీధి గుమ్మం ఎదురుగా కడితే వెలుతురు పడి బొమ్మ వెలిసిపోయింది. పక్క గోడకి కట్టుకోవచ్చు కానీ అప్పుడు అత్తమ్మ చాప పక్కకి పోతుంది. ఆవిడ ఎప్పుడూ కూర్చునే చోటు నుంచి జానెడు కూడా జరగనంది. ఎవరి కోసమైతే చూపిస్తున్నారో ఆవిడ మెడ తిప్పుకుని చూడాలా అని నేను గట్టిగా తగులుకున్నాను. చివరికి ఆవిడ చాపని బట్టే తెర స్థలం ఖాయమైంది. గుడ్డ వదులైతే గాలికి హీరోయిన్ కడుపు ఉబ్బుతోందని యేసుపాదం సర్వి కర్రలతో చట్రం చేసి బిగించాడు. ఇక తెర కదలకూడదట. కదిలితే మూడు కళ్ల రంగులూ కలవవట, ఒక్కో మనిషికి మూడేసి ముక్కులు కనిపిస్తాయట.

ఆదివారం సాయంత్రం వీధి వీధంతా వచ్చి కూర్చుంది. యేసుపాదం భార్య ఎలీసమ్మ పిల్లల్ని తీసుకుని చర్చి నుంచి నేరుగా వచ్చింది. అద్దెకి తెచ్చిన సినిమా వేసే ముందు రంగులు కలుపుకోవాలని మా ఆయన మా సొంత క్యాసెట్టు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్కటి, పెట్టాడు. అది మా పెళ్లి వీడియో.

తెర మీద ముగ్గురు మామయ్యలు కనిపించారు. ఎర్ర మామయ్య, పచ్చ మామయ్య, నీలం మామయ్య. అందరూ విరగబడి నవ్వారు. మా ఆయన మరలు తిప్పుతుంటే ముగ్గురూ ఒకరిలోకి ఒకరు జరిగి ఒక్కరయ్యారు. పలావు డేక్సా పక్కన, చేతిలో గరిటె, ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డారు. పెళ్లినాడు వీడియో అంటే ఆయనకి తెలియదు, ఫోటో అనుకున్నారు. అప్పుడు కెమెరా పక్క నుంచి అత్తమ్మ కేకేసింది, కదులయ్యా ఇది ఫోటో కాదని. ఆయన నవ్వేశారు. అదంతా క్యాసెట్లో ఉంది.

కానీ ఆ ఆదివారం బొమ్మ అక్కడి దాకా పోలేదు. ముందు వరసలో ఎవరో తుమ్మారు. వెనక ఇంకొకరు. క్షణంలో గొడౌనంతా తుమ్ములు, దగ్గులు, ఏడుపులు. డబ్బా బాగా వేడెక్కితే లోపల ఫ్యాను తిరుగుతుందని నాకేం తెలుసు? ఆ ఫ్యాను గాలి నేరుగా దూలం మీదికి కొడుతోంది. నేల కడిగాం, గోడలకి సున్నం వేశాం, దూలాల మీద ఏళ్ల తరబడి పేరుకున్న మిరపకాయల దుమ్ముని మాత్రం ఒక్కరూ చూడలేదు. అదంతా మా నెత్తిన కురిసింది. జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడుతూ వీధిలోకి పరిగెత్తారు. మా ఆయన తుమ్ముకుంటూ స్విచ్చి ఆపేశాడు.

నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లాను. మా ఆయన గోడకి చేరగిలబడి ఉన్నాడు.

"కొత్త కాయ బస్తాలు ఇక్కడే వేయించమ్మా. రేపే గుంటూరు పోతాను," అన్నాడు.

అత్తమ్మ చాప మీద నుంచి కదల్లేదు. ఖాళీ తెర వైపే చూస్తోంది. ఆవిడ బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. కళ్లలో నీళ్లేంటమ్మా అని మా ఆయన కంగారుపడ్డాడు. మిరపకాయ ఘాటురా అంది. ఆవిడ నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

"బస్తాలు వరండాలో వేయిస్తాలేరా," అంది ఆవిడ కొంగుతో బుగ్గలు తుడుచుకుని. "ముందు ఆ దూలాలు తుడిపించు. పాపం ఆ మనిషిని నిలబెట్టి ఆపేశావు."

మర్నాడు మా ఆయనే మొహానికి తువ్వాలు చుట్టుకుని, తడి గోనెలతో దూలాలన్నీ తుడిచాడు. పుట్టి బుద్ధెరిగాక పైకి చూడ్డం ఆయనకదే మొదలని యేసుపాదం ఏడిపించాడు. సాయంత్రానికి నిన్నటి జనం, వాళ్ల వెంట ఇంకొంత జనం వచ్చారు.

మళ్లీ అదే క్యాసెట్టు. ముగ్గురు మామయ్యలు ఒక్కరయ్యారు. గరిటె పట్టుకుని బిగుసుకుని నిలబడ్డారు. ఎవరూ తుమ్మలేదు. క్యాసెట్లో గొంతు ఇంకా రానే లేదు, చాప మీద నుంచి అత్తమ్మ అంది.

"కదులయ్యా. ఇది ఫోటో కాదు."

మామయ్య తిన్నగా ఆవిడ వైపే చూసి నవ్వేశారు.