వెండికాగితం చుట్టిన ఫ్యూజు

పనికొచ్చిన ఓ కారు తలుపు అట్టను క్లిప్పులు విరగకుండా ఊడదీసి, స్పీకరు వెనక అయస్కాంతం మీది సన్నక్షరాలు చదివాడు యెహెజ్కేలు. యాభై వాట్లు. ఎడతెగకుండా మోయగలిగేది అంతే; అట్టపెట్టె మీది మూడువందలు అమ్ముకోవడానికి. తణుకులో కార్లకు పాటల సెట్లు బిగించే ఈ షాపులోనే అతని జుట్టు నెరిసింది, వేళ్ళ చివర్లు కాలి మొద్దుబారాయి. ఆ వేళ్ళు ఎన్నడూ పట్టు తప్పలేదు. ఇవాళ స్క్రూ పట్టు దొరక్క జారిపోతోంది.

నిన్న సాయంత్రం దుర్గాసాయి కారు వచ్చింది. స్పీకర్లు ఇలాంటి యాభైవే, కొనుక్కొచ్చిన ఆంప్లిఫయరు దానికి రెట్టింపు. శబ్దం పెంచే గెయిను మరను తగ్గించి పెట్టి, ఇంతకు మించి తిప్పొద్దన్నాడు యెహెజ్కేలు.

"ఏంటి మేస్త్రీ, ఇంత డబ్బా పెట్టి ఈ మూలుగేంటండి? పెద్దాపురం జాతరలో మా బామ్మర్ది బండి పక్కన నేను గొంతు పోయినోడిలా నిలబడాలా?"

దుర్గాసాయి గెయిను చివరికంటా తిప్పించాడు. పాట అందుకోగానే బ్యాటరీ దగ్గరి ఫ్యూజు పోయింది. ఇంకోటి వేస్తే అదీ పోయింది. షాపులో అదే ఆఖరిది. షట్టరు దించే వేళైందని యజమానురాలు రత్నమాణిక్యం గొణిగింది. ఫ్యూజు పోయేది ఆగమని చెప్పడానికేనని తెలిసి తెలిసీ, యెహెజ్కేలు పక్క కిళ్ళీకొట్లో సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం అడిగి తెచ్చి, పోయిన ఫ్యూజుకు చుట్టి బిగించాడు. ఊరంతా చేసేదే. పాట అదిరింది. వెనకసీట్లో దుర్గాసాయి పసిపాప ఉలిక్కిపడి గుక్కపెట్టింది.

ఆ ఏడుపు రాత్రంతా అతన్ని నిద్రపోనివ్వలేదు. ఎంత కరెంటు లాగినా కాగితం తెగదు. కాబట్టి వైరే కాలాలి. వైరు ఆ పాప సీటు కిందుగానే పోతుంది. పొద్దుట్నుంచి ఫోను చేస్తున్నాడు. పాటల హోరులో వినబడదు కాబోలు, దుర్గాసాయి ఎత్తడం లేదు.

మధ్యాహ్నం అటునుంచే ఫోను వచ్చింది. దుర్గాసాయి భార్య వెంకటదుర్గ.

"బాబాయ్ గారూ, కార్లో ఏదో వాసనండి. ఈయనేమో కొత్త స్పీకర్లు అలాగే ఉంటాయంటున్నారు."

యెహెజ్కేలు స్క్రూడ్రైవరు పక్కన పడేశాడు. "కారు ఆపించమ్మా. ముందు పాపని దింపు. అందరూ దిగాక బ్యాటరీ వైరు పీకమను. దింపావా? పాపని దింపావా అమ్మా?"

ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రత్నమాణిక్యం దగ్గరికొచ్చి, ఎవరడిగినా కాగితం మాట ఎత్తొద్దని మెల్లగా చెప్పింది. యెహెజ్కేలు తాను విప్పిన కారు పక్కనే నేల మీద మోకరించాడు. ప్రభువా అనుకున్నాడు.

చాలాసేపటికి దుర్గాసాయి ఫోను చేశాడు. అందరూ దిగారట. సీటు కింద తివాచీ అంటుకుంటే వైరు పీకి, ఇసుక పోసి ఆర్పారట. స్పీకర్లు మాడిపోయాయట. పాప వాళ్ళమ్మ భుజం మీద నిద్రపోతోందట.

"ఈసారి ఇంకా పెద్ద ఆంప్లిఫయరు వేద్దాం మేస్త్రీ. రేపు తెస్తాను బండి," అని నవ్వాడు.

సరేనండి అన్నాడు యెహెజ్కేలు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

"నేనింక పనిలోకి రానండి," అన్నాడు రత్నమాణిక్యంతో. ఇవాళ్టికేమో అనుకుని ఆవిడ తలూపింది. అతను ఎండలో కాలవ వంతెన మీదుగా ఇంటివైపు నడిచిపోయాడు.

గుమ్మం పక్కన అతని చెప్పులు ఉండిపోయాయి. ఎడమదాని మడమ మీద ఎప్పుడో వైర్లు అతుకుతుంటే కరిగి పడ్డ సీసం చుక్క గట్టిపడి మెరుస్తోంది.